కరెంటు పోయొచ్చినా ఇంటి సర్వర్ వరసగా లేవాలంటే: గణపవరం చిట్కాలు

మన గణపవరం చుట్టుపక్కల చేపల చెరువుల లెక్కలకో, మేత కొట్టు బిల్లులకో, మిల్లు తూకాలకో ఇంట్లోనే చిన్న లినక్స్ సర్వర్ పెట్టుకున్న వాళ్ల కోసం ఇవి రాస్తున్నానండి. మా ఇంట్లో ఆ సర్వర్ బాధ్యత నాదే. డేటాబేస్ ఒకటి, దాని మీద నడిచే లెక్కల యాప్ ఒకటి, ఆ యాప్‌ని ఫోన్లకు చూపించే ఎన్‌జింక్స్ ఒకటి, చెరువులో ఆక్సిజన్ కొలతలు తెచ్చే సర్వీసు ఒకటి, రాత్రి బ్యాకప్ ఒకటి. అన్నీ ఒకదాన్ని పట్టుకుని ఒకటి నడిచేవే.

గాలివానకు కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఏది ముందు, ఏది వెనక అని మనం దగ్గర కూర్చుని లేపక్కర్లేదు. ఎవరికి ఎవరు కావాలో సర్వర్‌కి ఒక్కసారి సరిగ్గా రాసిపెడితే, మిగతాది లినక్స్‌లో సర్వీసుల్ని లేపే సిస్టమ్‌డీ చూసుకుంటుంది. గూడెం నుంచో ఏలూరు నుంచో మనిషిని పిలిపించే ఖర్చు తప్పుతుంది, అమెరికాలో ఉన్న పిల్లల్ని నిద్రలేపే పనీ ఉండదు. అన్నీ చేసి చూసినవే, నిశ్చింతగా చేసుకోండి.

ముందు ఇంటి లెక్క తేల్చుకోండి

1. ఓ కాగితం మీద సర్వీసుల పేర్లు వరసగా రాసి, ఒక్కోదాని పక్కన "ఇది నడవాలంటే ఏది కావాలి" అని రాయండి. దాన్ని బీరువా తలుపు లోపలివైపు అంటిస్తే, మీరు ఊళ్లో లేనప్పుడు ఇంట్లో ఎవరైనా చూసి చెప్పగలుగుతారు.

2. 'సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-డిపెండెన్సీస్' అని కొట్టి పక్కన సర్వీసు పేరు ఇస్తే, దానికి కావాల్సినవన్నీ అంచెలంచెలుగా కనిపిస్తాయి. మీ కాగితంతో పోల్చుకోండి, ఏది రాయడం మర్చిపోయారో అక్కడే తెలిసిపోతుంది.

3. అదే ఆదేశానికి '--రివర్స్' చేరిస్తే, ఈ సర్వీసు మీద ఎవరెవరు ఆధారపడ్డారో చూపిస్తుంది. ఏదైనా ఆపేముందు ఇది చూస్తే, ఒకటి ఆపబోయి నాలుగు పడగొట్టుకోవడం ఉండదు.

4. 'సిస్టమ్‌సీటీఎల్ క్యాట్' అంటే సర్వీసు అసలు ఫైలు, దాని మీద మనం చేర్చిన మార్పులు రెండూ ఒకేచోట వస్తాయి. ఫోల్డర్లన్నీ వెతుక్కునే శ్రమ తగ్గుతుంది.

5. పొద్దున్నే ఒక్కసారి 'సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్' కొట్టండి, రాత్రి పడిపోయినవి మాత్రమే వస్తాయి. జాబితా ఖాళీగా ఉంటే ఆ పూటకి పని అయిపోయినట్టే.

6. 'స్టార్ట్' అంటే ఇప్పుడు లేపమని, 'ఎనేబుల్' అంటే సర్వర్ వెలిగిన ప్రతిసారీ లేపమని. 'ఎనేబుల్ --నౌ' అంటే రెండూ ఒకే దెబ్బకు అయిపోతాయి.

7. ఎనేబుల్ చేయబోతే 'స్టాటిక్' అని వచ్చిందంటే ఆ ఫైల్లో 'ఇన్‌స్టాల్' అనే భాగం లేదన్నమాట. మీ సొంత సర్వీసైతే ఆ భాగంలో 'వాంటెడ్‌బై=మల్టీ-యూజర్.టార్గెట్' అని చేర్చండి, తర్వాత నుంచి దానంతటదే లేస్తుంది.

8. డెబియన్‌లో, ఉబుంటులో పోస్ట్‌గ్రెస్ స్టేటస్ 'యాక్టివ్ (ఎగ్జిటెడ్)' అని చూపిస్తే కంగారు పడకండి, అది పేరుకి మాత్రమే ఉండే పెద్ద సర్వీసు. అసలు డేటాబేస్ వెర్షన్ నంబరుతో 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్@15-మెయిన్' లాంటి పేరు మీద నడుస్తుంది, 'పీజీ_ఎల్‌ఎస్‌క్లస్టర్స్' కొడితే మీదేదో తెలుస్తుంది.

9. సిస్టమ్‌డీ 2010లో వచ్చింది, డెబియన్‌లో 2015లో 8వ వెర్షన్‌తో మామూలుగా వచ్చే పద్ధతి అయింది. అంతకుముందు రాసుకున్న నోట్సులో వరస కోసం ఎస్20, కె80 అని నంబర్లు వేసే పద్ధతి ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి, సగం రోజు కలిసొస్తుంది.

ఎవరికి ఎవరు కావాలో సరైన మాటతో రాయండి

10. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదేనండి: 'ఆఫ్టర్' అనేది వరస మాత్రమే చెప్తుంది, 'వాంట్స్', 'రిక్వయర్స్' అనేవి అవసరం మాత్రమే చెప్తాయి. యాప్ ఫైల్లో డేటాబేస్ పేరు రెండుచోట్లా రాయండి, ఒకటి రాసి రెండోది వదిలేస్తే సగం పనే అవుతుంది.

11. 'ఆఫ్టర్' ఒక్కటే రాస్తే, డేటాబేస్‌ని ఎవరూ లేపకపోయినా యాప్ ఒంటరిగా లేచి కూర్చుంటుంది. 'రిక్వయర్స్' ఒక్కటే రాస్తే ఇద్దరూ ఒకేసారి లేచి, యాప్ వెళ్లి తలుపు తట్టేసరికి డేటాబేస్ ఇంకా తెరుచుకోదు.

12. ఎక్కువ చోట్ల 'వాంట్స్' చాలు: పక్కవాడు పడిపోయినా మనది ఆగదు. చిన్న తప్పుకి ఇల్లంతా చీకటవడం తగ్గుతుంది.

13. రెండోది లేకపోతే మొదటిది నడిచి లాభమే లేదనుకున్నప్పుడే 'రిక్వయర్స్' వాడండి. డేటాబేస్‌ని మనం చేత్తో ఆపితే యాప్ కూడా ఆగుతుంది, రీస్టార్ట్ చేస్తే అదీ రీస్టార్ట్ అవుతుంది.

14. నడుస్తూ నడుస్తూ డేటాబేస్ తనంతట తానే కూలిపోతే మాత్రం 'రిక్వయర్స్' యాప్‌ని ఆపదు. అలా కూడా ఆగాలంటే 'బైండ్స్‌టూ' రాసి, పక్కనే 'ఆఫ్టర్' కూడా రాయండి.

15. డెబియన్ పోస్ట్‌గ్రెస్‌కి 'రిక్వయర్స్' గానీ 'బైండ్స్‌టూ' గానీ రాసేటప్పుడు నంబరున్న అసలు పేరే ఇవ్వండి. పెద్ద పేరు ఇస్తే, లోపల డేటాబేస్ పడిపోయినా పైకి 'యాక్టివ్' అనే కనిపిస్తుంది.

16. ఆక్సిజన్ మీటరు యూఎస్‌బీకి తగిలించి ఉంటే, దాన్ని చదివే సర్వీసుకి ఆ పరికరం పేరుతో 'బైండ్స్‌టూ=డెవ్-టీటీవైయూఎస్‌బీ0.డివైస్' అని రాయండి. వైరు ఊడితే సర్వీసు ఆగిపోతుంది, పాత కొలతే కొత్తదనుకుని మోసపోయే ప్రమాదం ఉండదు.

17. పెద్ద సర్వీసుతో పాటు ఆగి, దానితో పాటే రీస్టార్ట్ అవ్వాల్సిన చిన్న సర్వీసులకి 'పార్ట్‌ఆఫ్' రాయండి. ఇది ఆపడం, రీస్టార్ట్ చేయడం వరకే పనిచేస్తుంది కాబట్టి, లేపడానికి 'వాంట్స్' విడిగా ఉండాలి.

18. అపాచీ, ఎన్‌జింక్స్ రెండూ 80వ పోర్టు కోసం పోటీపడుతుంటే ఒకదాని ఫైల్లో రెండోదాని పేరుతో 'కాన్‌ఫ్లిక్ట్స్' రాయండి. ఒకటి లేస్తే రెండోది దిగిపోతుంది, పోర్టు గొడవ అక్కడితో ఆఖరు.

19. అక్కర్లేని బంధాలు పెట్టకండి. ఎన్‌జింక్స్‌కి డేటాబేస్‌తో నేరుగా పనిలేదు. దాన్ని విడిగా నడవనిస్తే, యాప్ లేవకముందు ఫోన్ తెరిచిన వాళ్లకి "కాసేపాగి చూడండి" అనే పేజీ అయినా కనబడుతుంది.

20. 'ఆఫ్టర్' రాసినందుకు ఇంకో లాభం కూడా ఉంది: ఆపేటప్పుడు వరస తిరగబడి, ముందు యాప్ ఆగి తర్వాత డేటాబేస్ ఆగుతుంది. రాసే బిల్లు మధ్యలో తెగిపోదు.

21. మీ సర్వీసులన్నిటికీ కలిపి 'చెరువు.టార్గెట్' అని ఒక గుంపు చేసుకోండి: టార్గెట్ ఫైల్లో అన్నిటికీ 'వాంట్స్', ఒక్కో సర్వీసులో 'పార్ట్‌ఆఫ్=చెరువు.టార్గెట్'. ఇక లేపాలన్నా ఆపాలన్నా ఒక్క మాట చాలు, పేర్లన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

22. అది ముందు కావాలని ఇది, ఇది ముందు కావాలని అది రాసుకుంటే సిస్టమ్‌డీ ఎవరో ఒకరిని పక్కకి తప్పించి ముడి విప్పుతుంది. లాగ్‌లో 'ఆర్డరింగ్ సైకిల్' అన్న మాట కనబడితే వెంటనే కాగితం తీసి, రెండింట్లో ఒక 'ఆఫ్టర్' కొట్టేయండి.

ఫైలు మార్చే పద్ధతి

23. ప్యాకేజీతో వచ్చిన అసలు ఫైలు జోలికి వెళ్లొద్దు, 'సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్' వాడండి. మార్పు '/ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్' కింద విడి ఫైల్లో పడుతుంది, రేపు అప్‌డేట్ వచ్చినా చెరిగిపోదు.

24. ఇలా చేర్చే ఫైల్లో కొత్త బంధాలు పెట్టొచ్చు గానీ పాతవి తీసేయడం కుదరదు. తీసేయాలంటే 'ఎడిట్ --ఫుల్' అని మొత్తం ఫైలు నకలు తెరుచుకుని ఆ వరస చెరపండి.

25. ఫైల్ని చేత్తో మార్చితే 'సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్' తప్పకుండా కొట్టండి. కొట్టకపోతే సర్వర్ పాత మాటే పట్టుకుని నడుస్తుంది, తప్పెక్కడో తెలియక గంటలు పోతాయి.

26. రాసిన వెంటనే 'సిస్టమ్‌డీ-ఎనలైజ్ వెరిఫై'తో ఫైలు తనిఖీ చేయించండి. అక్షరం తప్పు పడితే ఇప్పుడే చెప్తుంది, కరెంటు వచ్చిన అర్ధరాత్రి చెప్పించుకోనక్కర్లేదు.

27. ప్రతి మార్పు పైన '#' గుర్తు పెట్టి తేదీ, కారణం ఓ వరసలో రాయండి. వచ్చే ఏడాది చూసేవాళ్లకి "ఇదెందుకు పెట్టారు" అనే సందేహం ఉండదు.

28. మార్పు నచ్చకపోతే 'సిస్టమ్‌సీటీఎల్ రివర్ట్' అంటే ప్యాకేజీ ఇచ్చిన పాత రూపానికి వచ్చేస్తుంది. అందుకే ధైర్యంగా మార్చి చూడండి.

29. సర్వీసు ఫైల్లో ప్రోగ్రాం పేరుకి పూర్తి దారి రాయండి, రహస్య పదాలు విడి ఫైల్లో పెట్టి 'ఎన్విరాన్‌మెంట్‌ఫైల్'తో చూపించండి. చేత్తో నడిపితే పనిచేసి సర్వీసుగా పెడితే పనిచేయకపోవడానికి సగం కారణాలు ఇక్కడే తీరిపోతాయి.

లేవడం వేరు, సిద్ధమవడం వేరు

30. కుక్కర్ పొయ్యి మీద పెట్టగానే అన్నం ఉడికినట్టు కాదు కదండీ, 'టైప్=సింపుల్' సర్వీసు లేచిందన్నా అంతే. ప్రోగ్రాం మొదలైందని మాత్రమే దానర్థం, పనికి సిద్ధమైందని కాదు.

31. 'టైప్=నోటిఫై' అయితే ప్రోగ్రాం తానే "సిద్ధం" అని చెప్పేదాకా వెనకవాళ్లు ఆగుతారు. మీ ప్రోగ్రాంకి ఆ సౌకర్యం ఉందేమో చూసి, ఉంటే అదే పెట్టండి.

32. ఒక్కసారి నడిచి ముగిసిపోయే పనులకి, అంటే ఫోల్డర్ తయారుచేయడం లాంటివాటికి 'టైప్=వన్‌షాట్', 'రిమైన్‌ఆఫ్టర్‌ఎగ్జిట్=యస్' రాయండి. పని ముగిశాకే వెనకవి మొదలవుతాయి, అదే పని మళ్లీ మళ్లీ నడవదు.

33. యాప్ ఫైల్లో 'ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీ' దగ్గర 'పీజీ_ఈజ్‌రెడీ'ని పిలిచే రెండు వరసల చిన్న స్క్రిప్టు పెట్టండి. డేటాబేస్ "రండి" అనేదాకా యాప్ గుమ్మంలోనే ఆగుతుంది.

34. ప్రతి సర్వీసుకీ 'రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్', 'రీస్టార్ట్‌సెక్=5' రాయండి. ఏమీ రాయకపోతే పడిపోయింది పడిపోయినట్టే ఉంటుంది, ఈ రెండూ రాస్తే ఐదు సెకన్లు ఊపిరి తీసుకుని మళ్లీ లేస్తుంది.

35. మామూలుగా 10 సెకన్లలో 5 సార్లు లేవబోయి పడితే సిస్టమ్‌డీ ఇక లేపనని మానేస్తుంది. కారణం సరిచేశాక 'సిస్టమ్‌సీటీఎల్ రీసెట్-ఫెయిల్డ్' కొట్టి లేపండి, సర్వర్ మొత్తం రీబూట్ చేయక్కర్లేదు.

36. లాగ్‌లో 'డిపెండెన్సీ ఫెయిల్డ్' అని కనబడిందంటే మీ సర్వీసు అసలు మొదలే కాలేదన్నమాట, కాబట్టి 'రీస్టార్ట్' వరస కూడా దాన్ని లేపదు. కరెంటు కోతలున్న మన ఊళ్లకి 'రిక్వయర్స్' బదులు 'వాంట్స్' పెట్టి, యాప్‌ని తనే మళ్లీ మళ్లీ ప్రయత్నించనివ్వడం మేలు.

37. సర్వీసు లేవడానికి మామూలు గడువు 90 సెకన్లు. కరెంటు హఠాత్తుగా పోతే డేటాబేస్ తన లెక్కలు సరిచూసుకోవడానికి ఎక్కువ టైము తీసుకోవచ్చు, 'టైమ్‌అవుట్‌స్టార్ట్‌సెక్=5మిన్' రాస్తే మధ్యలో మెడపట్టి గెంటేయడం ఉండదు.

38. యాప్ రాసిచ్చినవాళ్లని "డేటాబేస్ పోయొస్తే యాప్ తనే మళ్లీ కలుపుకోవాలి" అని గట్టిగా అడిగి చేయించుకోండి. ఇది ఒక్కటి ఉంటే వరస కాస్త అటూ ఇటూ అయినా పని ఆగదు.

కరెంటు, నెట్టు, డిస్కు, గడియారం

39. కంప్యూటర్ బయోస్ సెట్టింగుల్లో, కరెంటు తిరిగొచ్చాక మిషన్ వెలగాలా వద్దా అని అడిగేచోట వెలగాలని పెట్టండి. సర్వీసులు ఎంత బాగా రాసినా బటన్ నొక్కే మనిషి కావాల్సి వస్తే లాభం లేదు.

40. యూపీఎస్‌కి యూఎస్‌బీ వైరు ఉంటే దాన్ని సర్వర్‌కి తగిలించి 'నట్' గానీ 'ఏపీసీ యూపీఎస్‌డీ' గానీ పెట్టండి. బ్యాటరీ అయిపోయేముందే సర్వీసులన్నీ వరసగా ఆగి మిషన్ చక్కగా ఆరిపోతుంది, డిస్కు పాడై కొత్తది కొనే ఖర్చు తగ్గుతుంది.

41. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండితే ఆ నీళ్లన్నీ ఉప్పుటేరు మీదుగానే సముద్రానికి పోవాలి, అందుకే మన లంక ఊళ్లలో నీరు తీయడం ఆలస్యం. సర్వర్, యూపీఎస్ నేల మీద పెట్టకుండా నడుమెత్తు బల్ల మీద గాలి తగిలేలా పెట్టండి.

42. ఇంటర్నెట్ నిజంగా కావాల్సిన సర్వీసుకి 'నెట్‌వర్క్.టార్గెట్' సరిపోదు, 'నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్'ని 'వాంట్స్'లోనూ 'ఆఫ్టర్'లోనూ రాయండి. మెసేజులు పంపే సర్వీసు నెట్టు రాకముందే లేచి పడిపోవడం ఆగుతుంది.

43. ఇంటి వైఫై మీద మాత్రమే నడిచే లెక్కల యాప్‌కి ఆ వరస అసలు పెట్టకండి. వానకి ఫైబర్ తెగినా కొట్టులో బిల్లులు ఆగవు, సర్వర్ కూడా తొందరగా లేస్తుంది.

44. ఎన్‌జింక్స్ ఫైల్లో ప్రత్యేకంగా ఒక ఐపీ నంబరు రాస్తే, ఆ నంబరు మిషన్‌కి రాకముందు అది లేవదు. పోర్టు నంబరు మాత్రమే రాయండి, వరస చింత తీరిపోతుంది.

45. బ్యాకప్ కోసం పెట్టిన బయటి డిస్కుకి 'ఎఫ్‌ఎస్‌ట్యాబ్'లో 'నోఫెయిల్' తప్పకుండా చేర్చండి. లేకపోతే ఆ డిస్కు ఊడిన రోజు సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లి, కీబోర్డు తెచ్చి తగిలించేదాకా కదలదు.

46. దాని పక్కనే 'ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమ్‌అవుట్=10ఎస్' రాయండి. లేని డిస్కు కోసం 90 సెకన్లు ఎదురుచూడటం పదికి తగ్గుతుంది.

47. బ్యాకప్ సర్వీసులో 'రిక్వయర్స్‌మౌంట్స్‌ఫర్' రాసి డిస్కు ఫోల్డర్ దారి ఇవ్వండి. డిస్కు తగలకపోతే బ్యాకప్ మొదలుకాదు, సర్వర్ సొంత డిస్కు నిండిపోయి అన్నీ ఆగిపోయే తలనొప్పి ఉండదు.

48. రాస్‌బెర్రీ పై 4 లాంటి చిన్న బోర్డులో గడియారం బ్యాటరీ ఉండదు, కరెంటు పోయొస్తే టైము వెనకబడుతుంది. 'సిస్టమ్‌డీ-టైమ్-వెయిట్-సింక్' ఎనేబుల్ చేసి, తేదీ వేసే సర్వీసులకి 'ఆఫ్టర్=టైమ్-సింక్.టార్గెట్' పెడితే బిల్లుల మీద తప్పు తేదీ పడదు.

49. మామూలు కంప్యూటర్‌కి కూడా గడియారం వెనకబడుతుంటే లోపలి బిళ్ల బ్యాటరీ మార్చండి. చవకలో అయిపోయే పని, లెక్కలు తారుమారు కాకుండా ఉంటాయి.

50. రాత్రి బ్యాకప్‌కి క్రాన్ బదులు టైమర్ పెట్టి 'పెర్సిస్టెంట్=ట్రూ' రాయండి. ఆ టైముకి కరెంటు లేక సర్వర్ ఆరిపోయి ఉంటే, వెలిగాక ఆ తప్పిపోయిన బ్యాకప్ నడిపేస్తుంది.

51. 'సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్' అంటే ఏ పని చివరిసారి ఎప్పుడు నడిచింది, మళ్లీ ఎప్పుడు నడుస్తుంది అన్నీ ఒకే తెర మీద వస్తాయి. వారానికోసారి చూసుకుంటే బ్యాకప్ మీద నమ్మకం ఉంటుంది.

52. చెరువులో ఏరియేటర్లని సర్వర్ ఒక్కదాని మీద ఎప్పుడూ ఆధారపడనివ్వకండి, చేత్తో వేసే స్విచ్చి, జనరేటరు విడిగా ఉండాల్సిందే. సర్వర్ పని కొలత చూపించి హెచ్చరించడం వరకే. చేపల ప్రాణం దానికి ముడిపెట్టొద్దు.

53. ముఖ్యమైన సర్వీసుల్లో 'ఆన్‌ఫెయిల్యూర్' దగ్గర ఫోన్‌కి మెసేజ్ పంపే చిన్న సర్వీసు పేరు రాయండి. పూర్తిగా చేతులెత్తేసినప్పుడే అది మోగుతుంది కాబట్టి, 5 నిమిషాల్లో 20 సార్లు పడితే ఆగేలా 'స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్=300', 'స్టార్ట్‌లిమిట్‌బర్స్ట్=20' యూనిట్ భాగంలో పెట్టండి.

ఆపేటప్పుడు, అప్‌డేట్ చేసేటప్పుడు

54. చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామునే, ఆ వేళ సర్వర్ ముట్టుకోవద్దు. ఆ పని ఎండ బాగా కాసే మధ్యాహ్నం పెట్టుకోండి, పట్టుబడి రోజున గానీ లారీ లోడింగ్ రోజున గానీ అప్‌డేట్ మాటే తలపెట్టకండి.

55. ఎన్‌జింక్స్ సెట్టింగు మారిస్తే ముందు 'ఎన్‌జింక్స్ -టీ'తో తప్పులు చూసి, తర్వాత 'రీస్టార్ట్' బదులు 'రీలోడ్' కొట్టండి. పనిచేస్తున్న వాళ్ల ఫోన్లలో పేజీ ఆగదు.

56. ఏదైనా సర్వీసు కొన్నాళ్లు అస్సలు లేవకూడదంటే 'స్టాప్' చాలదు, దాన్ని కోరుకునే ఇంకో సర్వీసు మళ్లీ లేపేస్తుంది. 'మాస్క్' చేయండి, పని అయ్యాక 'అన్‌మాస్క్' చేయాలని కాగితం మీద రాసుకోండి.

57. ఆపిన సర్వీసు మళ్లీ లేచి కూర్చుంటే, అదే పేరుతో '.సాకెట్' ఉందేమో చూడండి. రెండూ కలిపి ఆపితేనే నిజంగా ఆగుతుంది.

58. డేటాబేస్ పెద్ద వెర్షన్ మార్చేముందు చెరువు.టార్గెట్ మొత్తం ఆపి, డేటాబేస్ బ్యాకప్ తీసి, అప్పుడు మొదలుపెట్టండి. అయ్యాక మీ ఫైళ్లలో '@15' అని ఉన్నచోట కొత్త నంబరు వేయడం మర్చిపోకండి.

59. అప్‌డేట్ తర్వాత 'నీడ్‌రీస్టార్ట్' నడిపితే, పాత లైబ్రరీలు పట్టుకుని వేలాడుతున్న సర్వీసులేవో చెప్తుంది. వాటినే రీస్టార్ట్ చేస్తే చాలు.

60. సర్వర్ ఆగనంటూ వేలాడుతుంటే 'సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-జాబ్స్' కొట్టండి, ఏ పని ఇంకా నడుస్తోందో, ఏవి ఎదురుచూస్తున్నాయో తెలిసిపోతుంది. ప్లగ్గు పీకాలన్న తొందర ఆగుతుంది.

61. డాకర్ కంపోజ్ వాడేవాళ్లు 'డిపెండ్స్_ఆన్' కింద 'సర్వీస్_హెల్దీ' షరతు పెట్టి, డేటాబేస్‌కి 'హెల్త్‌చెక్' రాయండి. కరెంటు పోయొచ్చాక డాకర్ తనే లేపేటప్పుడు ఈ వరస పట్టించుకోదు కాబట్టి, కంపోజ్‌ని పిలిచే ఒక సిస్టమ్‌డీ సర్వీసు పెట్టుకోవడం నయం.

తప్పు ఎక్కడుందో త్వరగా పట్టుకోండి

62. 'జర్నల్‌సీటీఎల్'కి రెండుసార్లు '-యూ' ఇచ్చి డేటాబేస్, యాప్ పేర్లు రెండూ రాయండి, ఇద్దరి మాటలూ టైము ప్రకారం కలిసి వస్తాయి. ముందు ఎవరు పడ్డారో చూడగానే తెలుస్తుంది.

63. 'జర్నల్‌సీటీఎల్ -బీ -1' అంటే కరెంటు పోకముందు నడిచిన దఫా లాగ్ వస్తుంది. '/వార్/లాగ్/జర్నల్' ఫోల్డర్ ఉండాలి, లేకపోతే 'జర్నల్‌డీ' సెట్టింగులో 'స్టోరేజ్=పెర్సిస్టెంట్' పెట్టండి.

64. లాగ్స్ డిస్కు తినేయకుండా 'సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్=200ఎం' అని హద్దు పెట్టండి. చిన్న డిస్కుతోనే ఏళ్లు గడిచిపోతాయి.

65. సర్వర్ లేవడానికి ఎక్కువ సేపు పడుతుంటే 'సిస్టమ్‌డీ-ఎనలైజ్ క్రిటికల్-చెయిన్' చూడండి, ఎవరి కోసం ఎవరు ఆగారో వరసగా చూపిస్తుంది. 'బ్లేమ్' అనేది ఎవరికెంత సేపు పట్టిందో చెప్తుంది గానీ, ఆలస్యానికి అసలు కారణం మొదటిదాంట్లోనే దొరుకుతుంది.

వేరే యూనిక్స్ వాడేవాళ్లకి

66. ఫ్రీబీఎస్‌డీలో స్క్రిప్టు పైభాగాన 'ప్రొవైడ్', 'రిక్వయర్' వరసలతో క్రమం రాస్తారు, 'సర్వీస్ -ఆర్' కొడితే ఆ క్రమం కనబడుతుంది. పడిపోయినవాటిని అది తనే లేపదు, 'డీమన్ -ఆర్' ద్వారా నడిపితే మళ్లీ లేస్తాయి.

67. ఆల్పైన్ లినక్స్‌లో ఓపెన్‌ఆర్‌సీ ఉంటుంది: తప్పనిసరి అయితే 'నీడ్', ఉంటే మంచిదనుకుంటే 'యూజ్', వరస మాత్రమే అయితే 'ఆఫ్టర్'. 'ఆర్‌సీ-స్టేటస్' ఒక్కటి గుర్తుంటే రోజువారీ పని జరిగిపోతుంది.

68. సొలారిస్ మిషన్ చేతికొస్తే 'ఎస్‌వీసీఎస్ -ఎక్స్' కొట్టండి, ఏ సర్వీసు ఎందుకు లేవలేదో, దానివల్ల ఇంకెవరు ఆగారో చెప్తుంది. 2005లో 10వ వెర్షన్‌తో వచ్చిన పద్ధతే అయినా ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

పరీక్ష పెట్టకుండా నమ్మొద్దు

69. అన్నీ రాశాక మధ్యాహ్నం తీరికవేళ 'సిస్టమ్‌సీటీఎల్ రీబూట్' కొట్టి చేతులు కట్టుకు కూర్చోండి. ఏ సర్వీసుకైనా మీరు చెయ్యేయాల్సి వచ్చిందంటే, కాగితం మీద ఆ బంధం ఇంకా రాయలేదన్నమాట.

70. తర్వాత డేటాబేస్‌ని ఒక్కదాన్నే ఆపి మళ్లీ లేపి, యాప్ ఏం చేస్తుందో చూడండి. రీబూట్‌లో బాగున్నవి కూడా ఇక్కడ తడబడొచ్చు, పగలే తెలిస్తే సరిచేయడం తేలిక.

71. వానాకాలం మొదలయ్యేలోపు యూపీఎస్ ప్లగ్గు తీసి, బ్యాటరీ తగ్గాక మిషన్ వరసగా ఆరుతుందో లేదో చూసుకోండి. బ్యాటరీ పాతబడి ఉంటే ఆ రోజే తెలుస్తుంది, గాలివాన రాత్రి దాకా ఆగక్కర్లేదు.

72. చివరి పరీక్ష మీరు చేయకండి, కాగితం చేతికిచ్చి ఇంట్లో ఇంకొకరితో చేయించండి. మీరు పక్కన లేకుండా వాళ్లు "అన్నీ లేచాయి" అని చెప్పగలిగితే, మీరు పుట్టింటికో పెళ్లికో వెళ్లినా లెక్కలు ఆగవండి.